రెండో నంబరు సెట్టింగు

పదకొండేళ్ళుగా ఇది నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నువ్వెవరో తెలియదు కాబట్టి నీకు చెబుతున్నాను. జాలిపడొద్దు. క్షమించే పని కూడా పెట్టుకోవద్దు.

నాది సౌండు పని. ఏ స్పీకరుకు ఏ శబ్దం ఎంతవరకు పోవాలో పంచిపెట్టే డిజిటల్ ప్రాసెసర్‌ను కదిరి చుట్టుపక్కల నా అంత బాగా సెట్ చేసేవాడు లేడు. గొప్ప కాదు, నిజం. మా నాయన పౌరాణిక నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. ముప్పై ఏళ్ళు ఆయన పద్యానికి జనం 'వన్స్ మోర్' అన్నారు. తర్వాత సోమందేపల్లె నుంచి ఓబులేసు వచ్చాడు. మగ్గం నేసేవాడు. అతను పద్యం ఎత్తుకుంటే చివరి వరుసలోని ముసలమ్మకు కూడా ప్రతి అక్షరం అందేది. చివరికి నాటక సమాజం పెద్ద ఒక మాట అన్నాడు. ఇద్దరూ కళ్యాణ మండపంలో జనం ముందు ఒకే పద్యం పాడాలి. వన్స్ మోర్ ఎవరికొస్తే రాజు వేషం వాళ్ళది. సౌండు నాది.

మిక్సర్ మీద చెయ్యి వేస్తే అందరూ చూస్తారు. ప్రాసెసర్ కింద, ఆంప్లిఫయర్ల పెట్టెలో ఉంటుంది. అందులో రెండు సెట్టింగులు దాచాను, ఒక్క బటన్ నొక్కితే మారేలా. ఒకటోది నాయనకు, సవ్యంగా. రెండోది ఓబులేసుకు. అందులో మధ్య శబ్దాలు పలికే మిడ్ స్పీకరును వెయ్యి హెర్ట్జ్ దగ్గరే ఆపేశాను, సన్న శబ్దాలు పలికే హారన్‌ను నాలుగు వేలు దాటేదాకా మొదలుపెట్టనివ్వలేదు. మధ్యలో పెద్ద గుంత. మాటలో అక్షరాలు తెలిసేది సరిగ్గా అక్కడే. పైగా గొంతు పలచబడిందని ఎవరికీ అనుమానం రాకుండా, ఈక్వలైజర్‌లో గొంతులోని బరువైన కింది శబ్దాన్ని కొంచెం లేపాను. మంచి పనితనం. ఇప్పుడూ అదే అంటాను.

ఓబులేసు గొంతు మండపమంతా నిండింది, మాట ఒక్కటీ అర్థం కాలేదు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాయనకు రెండుసార్లు వన్స్ మోర్ వచ్చింది. అప్పుడాయన ముఖం నువ్వు చూడలేదు. చూసి ఉంటే నువ్వూ ఆ బటన్ నొక్కేవాడివి. వయసు ఆయన గొంతును తినేస్తుంటే న్యాయం మాట్లాడినవాళ్ళు ఎవరు? ఇంకో నాలుగేళ్ళు రాజుగా బతికి, రాజుగానే పోయాడు. దానికి నేను సిగ్గుపడను.

మరి బరువు దేనికి? ఆ రోజు పోటీ అయ్యాక నేను వైర్లు చుడుతుంటే ఓబులేసు దగ్గరికొచ్చాడు.

"అన్నా, నీ చెవి మీద నాకు నమ్మకముండాది. సౌండులో ఏమన్నా తేడా ఉండాదా, నా నాలికే తిరగల్యా? నిజం చెప్పన్నా."

"సౌండు ఇద్దరికీ ఒకటేప్పా. నీ మాటే ముద్దముద్దగా వచ్చె."

"అట్లనా," అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ రోజు తర్వాత మళ్ళీ వేదిక ఎక్కలేదు. ఎవరైనా అడిగితే తనకు నాలిక మందమని చెబుతాడట. నేను గుంత పెట్టింది యంత్రంలో, అదీ ఒక్క పూటకు. నా జవాబు దాన్ని తీసుకెళ్ళి అతని నోట్లో పెట్టింది. బటన్ నాయన కోసం నొక్కాను, సరే. ఆ జవాబు ఎవరి కోసం? పట్టుబడతానేమోనని, నా కోసం. ఆ మాట నాతో నేను అనుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది.

అతని ముందుకు పోలేదు. పోను కూడా. పోతే నాయన పేరు పోతుంది. పిరికితనమంటావా? అనుకో. కానీ ఓబులేసు నాలికకు ఏ మందమూ లేదు. మిక్సర్ దగ్గర హెడ్‌ఫోన్‌లో వినబడేది ప్రాసెసర్‌లోకి పోకముందున్న గొంతు. దాన్ని ఆ రోజు నేనొక్కణ్ణే విన్నాను, ప్రతి అక్షరమూ. మా నాయన కంటే బాగా పాడాడు. ఇదిగో, అనేశాను.