సూర్యుడి పక్కనున్న తెలుపు

ఆ రోజు పొద్దున కూడా పెద్దమ్మ వాకిట్లో నిలబడి, చెయ్యి బారజాపి, బొటనవేలితో సూర్యుణ్ణి మూసింది. వేలి చుట్టూ ఉన్న ఆకాశాన్ని కళ్ళు చికిలించుకుని చూసింది. "నీలం వేలిదాకా వచ్చిందే అమ్మాయ్. కిటికీలు తెరువు" అని చెప్పి, మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ మెట్లు దిగి ఆఫీసుకు వెళ్ళింది. మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. మేం ఆమెను ఇంటికి తెచ్చేసరికి కిటికీలన్నీ ఇంకా తెరిచే ఉన్నాయి.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే. నాతోపాటు నా ఉబ్బసం కూడా ఆమె ఇంటికి వచ్చింది. గాలిలో దుమ్ము పెరిగితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఒక్కోసారి ఊపిరందక పెదవులు నల్లబడేవి. పిల్ల దక్కుతుందా అన్నదే అప్పట్లో ఆ ఇంటి దిగులు.

పెద్దమ్మ ఉద్యోగం వాతావరణ కేంద్రంలో. అక్కడ మేడ మీద జంట గొట్టాలున్న యంత్రం ఒకటి ఉండేది. అది తనంతట తానే తిరిగి ముందు సూర్యుణ్ణి చూసేది. తర్వాత మెల్లగా పక్కకు జరిగి, సూర్యుడు లేని ఆకాశాన్ని చోటుచోటునా ఆగి చూసేది. దాన్ని తుడవడం, సరిగ్గా నిలబెట్టడం, అది ఇచ్చిన అంకెలు సరిచూడడం పెద్దమ్మ పని.

"ఆకాశం ఖాళీగానే ఉంది కదా, అదేం చూస్తుంది?" అని చిన్నప్పుడు అడిగాను.

"చీకటి గదిలోకి తలుపు సందులోంచి ఎండ పడితే దుమ్ము మెరవదూ? పైన కూడా అంతే. ఎండ దుమ్ముకి తగిలి పక్కలకి చెదురుతుంది. ఎంత చెదిరిందో, ఎటు చెదిరిందో చూస్తే దుమ్మెంతుందో, అది సన్నమో ముతకో తెలిసిపోతుంది."

"మీ పెద్దమ్మ లోకానికంతా అద్దం తుడిచొస్తుంది, ఇంట్లో అద్దం మాత్రం నేను తుడవాలి" అనేవాడు పెదనాన్న. ఆయన దర్జీ. నోరు, కుట్టుమిషను ఒకేసారి ఆడేవి.

ఆయనకున్న అసలు బాధ ఇల్లు. నేను వచ్చిన కొన్నాళ్ళకే పెద్దమ్మ, ఆఫీసు పక్కన బజారులో ఉన్న ఇల్లు ఖాళీ చేయించి ఊరి చివర గుట్ట మీదకు కాపురం మార్పించింది. బేరాలు సగం పడిపోయాయి.

"చొక్కా కుట్టించుకోడానికి గుట్టెవడెక్కుతాడే? ఇక మేకలకి కుట్టాలి నేను."

"ఇక్కడ నీళ్ళు బాగా వస్తాయండీ."

కుళాయి మాత్రం నాలాగే దగ్గి దగ్గి ఊరుకునేది. పెద్దమ్మ బిందె దాని కింద పెట్టి, "రేపొస్తాయిలెండి" అనేది.

రోజూ సాయంత్రం ఆమె యంత్రం మాట మోసుకొచ్చేది. దుమ్ము ఎక్కువంటే మర్నాడు కిటికీలు మూత. ఒకసారి వరసగా కొన్నాళ్ళు ఎక్కువనే చూపించింది. బయట చూస్తే ఆకాశం కడిగినట్టుంది. నా ఊపిరీ బాగానే ఉంది. ఆమె మాత్రం వినలేదు. చివరికి వాళ్ళ మెకానిక్ వచ్చి గొట్టం విప్పితే లోపల సాలెగూడు. యంత్రం దాన్నే దుమ్మనుకుంది.

"సాలీడుకి కాపురం, మాకు కారాగారం" అన్నాడు పెదనాన్న, చెమట తుడుచుకుంటూ. పెద్దమ్మ నవ్వుతూనే ఒక్కో కిటికీ తెరిచింది. ఆనాటి నుంచి ముందు బొటనవేలు, ఆ తర్వాతే యంత్రం. సూర్యుడి చుట్టూ పాలు ఒలికినట్టు తెలుపు పరుచుకుంటే నేను ఇంట్లో. నీలం వేలి అంచుదాకా వస్తే బయట.

అలా బయటికి వెళ్ళిన రోజులే నా బాల్యం. పిల్లికూతలు తగ్గుతూ తగ్గుతూ ఎప్పుడో ఆగిపోయాయి. బడి పరుగుపందెంలో నేను అందరికన్నా చివర వచ్చిన రోజున, "మా పిల్ల పరిగెత్తింది" అని పెదనాన్న దారిన పోయే ప్రతి మనిషికీ చెప్పాడు. ఇవాళ గుండెనిండా గాలి పీల్చుకున్నప్పుడల్లా అందులో కొంత ఆమె ఇచ్చిందేనని నాకు తెలుసు. ఎంత ఇచ్చిందో కూడా తెలుసనే అనుకున్నాను.

ఆమె పోయిన తర్వాత ఆ మెకానిక్ ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. ఆయన మేడెక్కితే మబ్బు పడుతుందని ఆఫీసులో ఆయన్ని మబ్బు అనేవారట. నాకు మబ్బు బాబాయి. పెద్దమ్మ గొట్టాలు తుడిచే మెత్తటి గుడ్డ, టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చి, మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా కూర్చున్నాడు.

"నీళ్ళు బాగా వస్తున్నాయా?" అని అడిగాడు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడొచ్చాయి బాబాయ్?"

ఆయన తల వంచుకుని నవ్వాడు. "నువ్వొచ్చిన ఏడాది సెలవు దొరికినప్పుడల్లా వదిన చేతిలో పట్టుకునే చిన్న యంత్రం అడిగి తీసుకెళ్ళేది. అద్దె ఇల్లు ఖాళీగా ఉందంటే చాలు, ఆ వాకిట్లో నిలబడి సూర్యుణ్ణీ, పక్కనున్న ఆకాశాన్నీ కొలిచేది. ఇంటివాళ్ళు వంటగది చూపిస్తామంటే వచ్చేది కాదట."

పెదనాన్న మిషను ఆపాడు. "నాకైనా చెప్పొచ్చుగా."

"మీ నోట్లో మాట ఆగదని అన్నయ్యా. తన వల్లే మీ బేరాలు పోయాయని పిల్ల అనుకోకూడదంది."

"ఇక్కడ గాలిలో అంత తేడా ఉందా మరి?"

"లేదన్నయ్యా. కొంచెం. నేనూ అదే అన్నాను. ఈ కొంచెం కోసం ఆ మోకాలితో రోజూ గుట్టెక్కుతావా వదినా అని. ఆ కొంచెమే మా పిల్లకి తక్కువైందయ్యా అంది."