ముప్పై ఏళ్ల బాలింత

మా అత్తమ్మ పోయిందన్న మాట నేను ఫోన్‌లో విన్నాను. చంటివాడు పక్కనే నిద్రపోతున్నాడు. నా కడుపు కోసి వాణ్ణి తీసి ఇంకా నెల నిండలేదు. మంచం దిగాలంటే నేను ముందు పక్కకు తిరగాలి, మోచెయ్యి ఊనాలి, కాళ్లు కిందికి వదలాలి, అప్పుడు లేవాలి. అలా లేవడం నేర్పింది అత్తమ్మే. ఆస్పత్రి నుంచి మా ఆయన "అమ్మ పోయింది" అని ఒక్క మాటే అన్నాడు. నేను పక్కకు తిరిగాను, మోచెయ్యి ఊనాను, అక్కడే ఆగిపోయాను. లేచి ఏం చేయాలో నాకు తోచలేదు.

ఇది చదివే మీలో ఎవరికీ ఆమె తెలియదు. కరీంనగర్ వైపు ఒక పల్లె నుంచి పెళ్లయిన కొత్తలోనే మామ వెంట సూరత్ వచ్చి, లింబాయత్ గల్లీలోనే జీవితమంతా గడిపింది. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. మామ ఖాతాలో మగ్గం నడిపితే ఆమె బాబిన్లకు నూలు చుట్టేది. మామ పోయి చాలా ఏళ్లయింది. ఉన్న ఒక్క కొడుకూ, అంటే మా ఆయన, ఇప్పుడు అదే పని చేస్తున్నాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడి తెలుగు బడిలో చదువుకుని, గల్లీ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. అందుకని రెండు కాన్పులూ అత్తగారింట్లోనే అయ్యాయి.

ఆమె గురించి మంచిగా నాలుగు మాటలు రాద్దామనే కూర్చున్నాను. రాస్తుంటే ఆమెను పొగడటం కన్నా నన్ను నేను తిట్టుకోవడమే ఎక్కువయ్యేలా ఉంది. కొంచెం ఓర్చుకోండి.

అత్తమ్మ పొట్టి మనిషి, గొంతు మాత్రం గల్లీ చివరిదాకా వినబడేది. మగ్గాల చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ అలా అయిందనేది. పాత నూలు చీర నిలువునా చింపి, ఆ గుడ్డను ఎప్పుడూ నడుముకు బిగించి కట్టుకునేది. ఎండాకాలంలో కూడా విప్పేది కాదు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో "అదేంటి అత్తమ్మా" అని అడిగితే, "బాలింత కట్టు బిడ్డా. నీ మొగడు పుట్టినప్పుడు కట్టుకున్న. ముప్పై ఏండ్ల సంది బాలింతనే ఉన్న, ఎవ్వలు లెవ్వమంటలేరు" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. పాత కాలం మనుషుల అలవాటు అనుకున్నాను తప్ప, ఆ గుడ్డ కింద ఏముందో అడగలేదు.

మా పెద్దది పుట్టినప్పుడు పొద్దంతా నొప్పులు పడ్డాను. చివరికి బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందని ఆపరేషన్ చేశారు. ఇంటికి వచ్చాక చూడటానికి వచ్చిన ఆడవాళ్లలో ఒకావిడ, "కోసి తీసిన్రా? నొప్పులు పడలేకపోయిందా ఏంది?" అంది. ఆ మాట అనకముందే అది నా మనసులో ఉంది. నేను కనలేదు, ఎవరో తీసి నా పక్కన పెట్టారు అనిపించేది. పాలు వెంటనే రాలేదు. ఏడుస్తున్న పిల్లను ఎత్తుకోవాలంటే ఎవరో ఒకరు అందించాలి. ఇంకొకరు తేలిగ్గా చేసే పనిని నేను పాడు చేశానన్న సిగ్గుతో గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

అత్తమ్మ గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. చేతిలో పని ఆపకుండానే ఆ మాటన్నావిడకు జవాబు చెప్పింది. "పొద్దంత నొప్పులు పడ్డది. ఇప్పుడు కోసిన నొప్పి పడుతున్నది. నీకు ఒక్క తీరు నొప్పే ఎరుక, నా కోడలికి రెండు తీర్లెరుక." వచ్చినావిడ టీ తాగి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక అత్తమ్మ నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: "ముందు నొప్పి అందరు చూస్తరు బిడ్డా. ఎనక నొప్పి మనమే పడాలె. నువ్వు గోడదిక్కు మొకం పెట్టకు."

ఆమెకు హాస్యం ఎక్కువ. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు నవ్వితే ప్రాణం పోయినంత పనవుతుందని, ఆ కోత పడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు. అలాగని ఆమె నోరు ఊరుకోదు. అందుకని ముందుగా నా తల కింది మెత్త తీసి పొట్ట మీద పెట్టి, నా చేతులు రెండూ దాని మీద పెట్టి, "గట్టిగ పట్టుకో, ఒక ముచ్చట చెప్తా" అనేది. దగ్గు వచ్చినా, తుమ్ము వచ్చినా అదే మెత్త. మా కింద ఇంట్లో ఒక గుజరాతీ ఆవిడ ఉంది, బేన్ అని పిలుస్తాం. ఆవిడ పాపం నా కోసం నెయ్యి ఓడుతున్న శీరా, మన హల్వా లాంటిది, గిన్నెలతో తెచ్చేది. అత్తమ్మ నాకు పెట్టే వెల్లుల్లి కారం అన్నం వాసనకు ముక్కు మూసుకుని, "ఆట్లు బధు లసణ?" అని, ఇంత వెల్లుల్లా అని ఆశ్చర్యపోయేది. ఒకరోజు ఆవిడ మెట్లు దిగీ దిగగానే అత్తమ్మ నాకు మెత్త అందించి, "గామె శీర తిన్నవనుకో, పోరికి పాలు కాదు, నెయ్యే వస్తది" అంది. మెత్త ఉన్నా ఆ రోజు కుట్లు సలిపాయి. ఆ తర్వాత శీరాలో సగం ఆమే తినేది.

పెద్దదానికి ఆరో నెల వచ్చాక ఒకరోజు, నా కోత మానిందో లేదో చూస్తూ తన సంగతి చెప్పింది. "నీకు అడ్డంగ కోసిన్రు, కుచ్చిళ్ల కింద దాగుతది. నాకు నిలువుగ కోసి, సంచి మూతి కుట్టినట్టు కుట్టిన్రు. మీ మామ పొద్దుగాల పోతే చీకటి పడ్డంక వచ్చేది. నీళ్లు తెచ్చిచ్చెటోళ్లు లేకుండె. కుట్లు మానకముందే బిందె ఎత్తిన. లోపట ఏందో పిగిలినట్టయింది. కట్టు బిగిచ్చి కట్టుకున్న, పనికి పోయిన, గంతే." కూర ఏం వండానో చెప్పినట్టు చెప్పింది. నా ఇంట్లోనే ఇంకొక కోత కాన్పు మనిషి ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆమెకు అప్పుడు ఎవరూ లేరు కాబట్టే నన్ను ఇలా చూసిందని అర్థమై చాలా ఏడ్చాను.

రెండోసారి నాకు ఏడో నెల నడుస్తున్నప్పుడు, ఆమె నీళ్ల బిందె దించి గోడ వైపు తిరిగి, అరచేత్తో పొట్టను లోపలికి నొక్కుకోవడం చూశాను. నేనూ మా ఆయనా పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. పాత కోత దగ్గర కండ విడిపోయిందని, అందులోంచి పేగు జారి బయటికి వస్తోందని ఆయన హిందీలో విడమరిచి చెప్పాడు. ఆపరేషన్ చేయించాలని, బరువులు ఎత్తొద్దని, పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని కూడా చెప్పాడు.

బయటికి వచ్చి టీ బండి దగ్గర నిలబడ్డాం. మా ఆయన "ఈ నెలనే చేయిద్దాం అమ్మా" అన్నాడు. అత్తమ్మ తల అడ్డంగా ఊపింది. "కోడలికి మళ్ల కోతనే అన్నరు గద. నేను మంచాల పడ్డంక దీన్ని ఎవ్వలు చూస్తరురా? దీని కాన్పు కానీ, అటెన్క చూద్దాం. ఇన్నేండ్లు ఆగింది, గీ రెండు నెలలు ఆగదా?" ఆయన నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. నేను గ్లాసులో మిగిలిన టీ వైపు చూశాను.

భేస్తాన్‌లో ఈ ఊళ్లోనే, మా ఆయన మేనత్త ఉంది. అడిగితే వచ్చేది. కింది బేన్ కూడా కాదనేది కాదు. అవేవీ నాకు గుర్తు రాలేదంటే అబద్ధం. పరాయి మనిషి ముందు ఒళ్లు విప్పుకుని స్నానం చేయాలంటే సిగ్గు. అత్తమ్మ చెయ్యి లేకుండా ఆ కోత తర్వాతి రోజులు గడవవన్న భయం. ఆమె అటెన్క చూద్దామన్నప్పుడు నా మనసు తేలికపడింది. అమ్మ లేని పిల్లను కదా, నాకూ ఒకరు కావాలి కదా అని సర్ది చెప్పుకున్నాను. డాక్టరు చెప్పిన హిందీ నాకు పూర్తిగా అర్థమైంది.

చిన్నోడు పుట్టాడు. నీళ్ల పని తనదని మా ఆయన ఒప్పుకున్నాడు. కానీ మా గల్లీలో నల్లా పొద్దున కాసేపే వస్తుంది, ఆయనకు ఖాతాలో రాత్రి పాళీ ఉన్న వారం ఆ టైముకు ఇల్లు చేరడు. మంచం మీద పడుకుని నేను మెట్ల చప్పుడు వినేదాన్ని. అత్తమ్మ సగం మెట్లెక్కి ఆగేది. బిందె మెట్టు మీద పెట్టిన చప్పుడు, కొంచెం సేపు ఏమీ ఉండేది కాదు, మళ్లీ అడుగులు. "అత్తమ్మా, ఎత్తకు" అని అరిచేదాన్ని. "అర బిందెనే తెచ్చిన, నువ్వు లెవ్వకు" అనేది పైకి వచ్చాక. నిండు బిందెల నీళ్లు డ్రమ్ములో పోసిన చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా నమ్మినట్టే ఉన్నాను.

ఆ చివరి రోజు పొద్దున కాళ్లు చాపి కూర్చుని, వాటి మీద చిన్నోణ్ణి పడుకోబెట్టి నీళ్లు పోసింది. వాడి ముక్కు నొక్కి, "మీ తాత ముక్కే పడ్డది, ఏం చేస్తం" అంది. మధ్యాహ్నం వాంతులయ్యాయి. గ్యాస్ అని సోడా తెప్పించుకుని తాగింది. సాయంత్రానికి ఒంగి కూర్చుని లేవలేకపోయింది. మా ఆయన ఆటో తెచ్చాడు. నేను తలుపు దాకా వెళితే, కొడుకు భుజం పట్టుకుని మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "నీ కట్టు వదులైనట్టున్నది, గట్టిగ కట్టుకో" అంది. ఆమె నాతో అన్న చివరి మాట అదే. ఆస్పత్రిలో వెంటనే ఆపరేషన్ చేశారు. పేగు అప్పటికే నల్లబడిందట. మర్నాడు పోయింది.

ఇంటి ముందు గల్లీలో చాప వేసి పడుకోబెట్టారు. భేస్తాన్ మేనత్త ముందు పైకి, నా దగ్గరికి వచ్చింది. నన్ను పట్టుకుని ఏడ్చి, "నన్నొక్క మాట పిలువకపోతిరి బిడ్డా, నేను రాకపోదునా" అంది. తప్పు పట్టడానికి అనలేదు, దుఃఖంతో అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "నువ్వు కిందికి రావొద్దు. పచ్చి బాలింతవు, ఒళ్ల పసిపోరడున్నడు. పైనుంచే మొక్కుకో" అని దిగిపోయింది. మావాళ్లలో అది పద్ధతే. పచ్చి బాలింత శవం దగ్గరికి పోదు. కింద ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నది నాకు వినబడుతోంది. "కోడలి కోసం పానం పెట్టింది. గసొంటి అత్త దొరుకది" అని ఒకామె అంది. మెచ్చుకుంటూనే అంది. మిగతావాళ్లు అవునన్నారు.

స్నానం చేయించడానికి చుట్టూ చీరలు అడ్డం పట్టారు. వేడినీళ్ల గంగాళం తెచ్చి పెట్టారు. నేను పైన మా గది ముందు గ్యాలరీ ఇనుప కడ్డీలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి పైన ఉండలేకపోయాను. చిన్నోణ్ణి నాకు తోడుగా పైకి వచ్చిన బేన్ చేతుల్లో పెట్టాను. ఆవిడ వాణ్ణి భుజానికెత్తుకుంది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. చీర పక్కకు తప్పించి లోపలికి వెళితే మేనత్త తలెత్తి, "ఏంది బిడ్డా గిట్ల చేస్తివి" అంది. అని, కొంచెం జరిగి చోటిచ్చింది.

నడుము గుడ్డ ఆస్పత్రిలోనే తీసేశారు. ఇన్నేళ్లు ఒక ఇంట్లో ఉండి ఆ పొట్టను నేను చూడటం అదే మొదటిసారి. బొడ్డు కింద నుంచి నిలువుగా పాత మచ్చ, వెడల్పై, తెల్లబడి ఉంది. దాని మీదుగానే మళ్లీ కోశారు. నల్లదారంతో వేసిన కొత్త కుట్లు, నా కుట్ల కన్నా పచ్చిగా ఉన్నాయి. నేను పక్కన కూర్చున్నాను.

మేనత్త చెంబు ముంచి భుజాల మీద నుంచి పోసింది. నీళ్లు గుండెల మీదుగా కిందికి జారుతుంటే నా చెయ్యి దానంతటదే వెళ్లి ఆ కుట్లను కప్పింది.

"బిడ్డా, చెయ్యి తియ్యి" అంది మేనత్త.

"కుట్లు పచ్చిగున్నయ్ అత్తా" అన్నాను.

ఆమె చెంబు మళ్లీ ముంచి, నా చెయ్యి ఉన్న చోటు వదిలేసి, కాళ్ల మీద పోసింది.