ఉల్లిపూల మీద గంప

మబ్బు పడితే చాలు, మా వదిన చేతిల పని ఇడిసి పెరట్లకు ఉరికేది. లక్సెట్టిపేట ఇంటి వెనుక ఆమె తల్లిగారి నుంచి తెచ్చుకున్న చిన్న ఎర్ర ఉల్లిగడ్డల మడి ఉండేది. ఉల్లి ఇత్తనం ఏడాది దాటితే సరిగ మొలవదు. ఒక్క పంట పోతే ఆ రకమే పోయినట్టు. దుకాణపోడు రంగు పాకెట్ చూపి ఇదీ అదీ ఒకటే అంటడు. ఎట్ల ఒకటైతది?

ఒక ఎండకాలం, పూలల్ల గింజ పండి నల్లబడే యాళ్లకు రాళ్లవాన మొదలైంది. వదిన గంపలు తెచ్చి పూల మీద బోర్లిస్తుంటే ఒక రాయి తగిలి నుదురు పగిలింది. నేను చూరు కిందనే నిలబడ్డ.

"వదినా, ఆ గంప నెత్తి మీద పెట్టుకో" అని అరిచిన.

ఆమె దాన్ని కూడ పూల మీదనే బోర్లించింది.

"నా నెత్తి పగిలితే దవాఖానల కుట్లేస్తరు మర్దీ. గీ గింజ రాలితే ఎవలు కుడ్తరు? అరుసుడు బందువెట్టి ఇంకో గంప తే."

వదిన కాలం జేసింది. ఆ ఇత్తనం ఇప్పుడు నా పెరట్ల ఉన్నది, ఆమె భయం నా కడుపుల ఉన్నది. నిన్న పడమట మబ్బు కమ్మింది. అన్ని గంపలు బోర్లించినంక ఒక్కటే మిగిలింది, ఇంకా కొన్ని పూలు బయటనే ఉన్నయి. మొదటి రాయి పడంగనే నా చేతులు ఆ గంపను నా నెత్తి మీదికే లేపినయి. ఆడ ఆగలేదు.

ఇయ్యాల నుదుటికి కట్టు కట్టుకొని ఇది రాస్తున్న. గింజ నల్లబడుతున్నది.