అధ్యక్షుడి గొంతు మోగిన హాలు

ఒక పార్టీ తన అధ్యక్షుడిని తానే సస్పెండ్ చేయబోయింది. దానికి కారణం నేనే. ఇది ఏ పేపర్లోనూ రాలేదు కాబట్టి మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. నవ్వుకోవడానికే చెబుతున్నాను గానీ, ఆ హాలు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

అప్పట్లో నేను హైదరాబాద్ మియాపూర్‌లో కిరాయికి ఉంటూ, రాయదుర్గంలో మా పార్టీ ప్రచారం కోసం తీసుకున్న ఆఫీసులో కంప్యూటర్ల పని చూసేవాణ్ని. ఎన్నికల ముందు అక్కడ కూర్చోవడానికి కుర్చీ దొరికేది కాదు. ఓడిపోయిన మర్నాటి నుంచి అంతస్తంతా ఖాళీ. నేనూ, నాతో పనిచేసే గ్రేసీ, ఇద్దరమే మిగిలాం. అక్కడి లైట్లు మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే వాటంతటవే ఆరిపోతాయి. గ్రేసీ ఉండుండి చెయ్యి పైకెత్తి ఊపుతుంటే పాపం ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను. లైటు కోసమట.

ఇంతలో ఓటమి మీద సమీక్ష పెట్టమన్నారు పెద్దాయన. మా అధ్యక్షుణ్ని అందరం అలాగే అనేవాళ్లం. కార్యకర్తలు భయపడకుండా నిజం చెప్పాలట. చెప్పించేదెలాగని నాయకులు తలలు పట్టుకుంటే నా తెలివి ముందుకు ఉరికింది. పెద్దాయన పాత ప్రసంగాలతో ఆయన గొంతును యంత్రానికి నేర్పి, ప్రచారంలో ఓటర్లకు ఫోన్లు చేయించింది నేనే. అవి విని ఓటర్లు ఏం చేశారో ఫలితాల్లో తెలిసిందే, అది వేరే సంగతి. అదే గొంతుతో సభ్యులందరికీ ఫోన్ చేయిద్దాం, జవాబిచ్చేవాళ్ల గొంతు మార్చేస్తే ఎవరన్నది తెలియదు, అన్నాను. అందరూ నా భుజం తట్టారు. పెద్దాయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయనకు ఏదైనా చెప్పే ధైర్యం మా పార్టీలో ఎవరికీ ఉండేది కాదు.

"సభ్యుల జాబితా ఒకసారి చూసుకోండి. అందులో ఎవరెవరున్నారో ఏంటో," అంది గ్రేసీ. ఆమెది గుంటూరు వైపు, జాగ్రత్త ఎక్కువ.

"ఏం గాదు, అందరు మనోళ్లే గద," అన్నాను. ఆ మాటన్న నోటిని ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఫోన్లు మొదలుపెట్టే ముందు ఒకసారి వినిపించి చూశాం. "తమ్మీ, నేను మాట్లాడుతున్న. మనం ఎందుకు ఓడిపోయినమో భయపడకుండ చెప్పు. నీ పేరు బయటికి రాదు." ఖాళీ హాల్లో ఆ గొంతు అంతవరకు అని ఆగిపోయింది. మనిషైతే మధ్యలో అడ్డం వస్తాడు. యంత్రం అలా వింటూనే ఉంటుంది. లైట్లు ఆరిపోయాయి. గ్రేసీ చెయ్యి ఊపడం కూడా మరిచిపోయింది.

జవాబులు వచ్చాయి. ఎండ వల్ల ఓడిపోయామన్నారు కొందరు, పక్క నియోజకవర్గం వాళ్ల వల్ల అన్నారు ఇంకొందరు. ఒక్క జవాబు మాత్రం వేరుగా ఉంది. ముందు చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. తర్వాత, మార్చిన గొంతు కదా, బావి అడుగు నుంచి వచ్చినట్టు మాటలు. "తప్పు పైన కూసున్నోనిదే. ఎవరన్న నిజం చెప్తే మొహం మాడ్చుకుంటడు. ఇగ ఇప్పుడు చెప్పేటోడు ఒక్కడు గూడ లేడు. నాకు భయమైతుంది." ఎంత నిజాయితీపరుడైన కార్యకర్తో అని ముచ్చటపడి, సమీక్షలో వినిపించాలని దాన్నే మొదట పెట్టుకున్నాను.

సమీక్ష మా ఆఫీసు హాల్లోనే. ఆ రోజు కింద టీవీ కెమెరాలు ఉన్నాయని పట్టపగలే అద్దాలన్నిటికీ తెరలు దించేశారు. పెద్దాయన మధ్యలో కూర్చున్నారు. కొన్నాళ్లుగా ఆయన ఎవరి ఫోనూ ఎత్తడం లేదని, మోగితే ఉలిక్కిపడుతున్నారని అప్పటికే గుసగుసలు. నేను ఆ జవాబు వినిపించగానే క్రమశిక్షణ సంఘం పెద్ద కిష్టయ్య లేచాడు. వీడెవడో తేల్చి ఈ రోజే సస్పెండ్ చేయాలన్నాడు. హాల్లో చేతులన్నీ లేచాయి. "ఇడిసిపెట్టున్రి," అన్నారు పెద్దాయన నెమ్మదిగా. ఎవరూ విననేలేదు.

పేరు నాకూ తెలియదన్నాను.

"అసలు గొంతు వినిపియ్. లేకుంటె రేపటి సంది నీకు కొలువు లేదు," అన్నాడు కిష్టయ్య.

ఇంటి కిరాయి కళ్ల ముందు కదిలింది. మాటిచ్చిన సంగతి పక్కనబెట్టి, గొంతు మీది ముసుగు తీసేసి మళ్లీ వినిపించాను.

పెద్దాయన గొంతు. "తప్పు పైన కూసున్నోనిదే..."

ఎత్తిన చేతులు ఎత్తినట్టే బిగుసుకుపోయాయి. ఎవరూ కదల్లేదు. లైట్లు ఆరిపోయాయి.

ఆ చీకట్లో అదే గొంతు అడిగింది. "తమ్మీ, నాకు ఫోన్ చేసిందెవరు?"

అడిగింది యంత్రమో మనిషో నాకు అర్థం కాలేదు.

"మీరే, అన్నా," అన్నాను.

ఉన్నట్టుండి ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ కదలికకు లైట్లు వెలిగాయి. కిష్టయ్య! ఇంత గొప్ప ఆత్మవిమర్శ ఏ నాయకుడూ చేసుకోలేదని కళ్లు తుడుచుకుంటున్నాడు. సస్పెన్షన్‌కు లేచిన చేతులే ఇప్పుడు చప్పట్లు కొట్టాయి. ఆయన్ను అభినందిస్తూ తీర్మానం ఏకగ్రీవం.

లిఫ్టు దగ్గర పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"కారుల ఉంటె ఫోన్ మోగింది. నా గొంతే నన్ను అడుగుతుంటె పిచ్చి లేసిందనుకున్న. అయినా నాతోని నేను అబద్ధం ఎట్ల చెప్త?" అన్నారు. సభ్యుల జాబితాలో ఆయన నంబరూ ఉందని అప్పుడు వెలిగింది నాకు. "వారం వారం గా ఫోన్ చేయించు తమ్మీ. గట్ల అడిగి చివరిదాంక విన్నోడు వాడొక్కడే."

అందరూ వెళ్లిపోయాక ఆ ఖాళీ హాల్లో, చీకట్లో నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో జాబితా చూడకుండా ఎవరికీ ఫోన్ చేయించను గాక చేయించను.

లైటు వెలిగింది.