ఫాగ్ లైట్లకు రిలే బిగించిన రోజు

మొన్న పొద్దున మా చెల్లెలి కూతురు తన కొత్త కారులో నన్ను రాజేంద్రనగర్ తీసుకువెళ్తుంటే, వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల దగ్గరకు వచ్చేసరికి ముందున్న లారీ కూడా కనబడనంతగా పొగమంచు కమ్ముకుంది. ఆ పిల్ల ఏదో మీట తాకింది, బంపరు కింద ఫాగ్ లైట్లు వెలిగాయి, తను మాట్లాడుతూనే ఉంది. నేను మాత్రం ఆ కబుర్లు వినడం మానేసి, అలాంటి రెండు దీపాలు వెలిగించడానికి ఒక పూటంతా నేల మీద బోర్లా పడుకున్న రోజులోకి వెళ్ళిపోయాను.

విమానాశ్రయం వచ్చిన కొత్తలో శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళు ఎలా మారిపోయాయో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నిన్నటిదాకా జొన్న వేసినవాళ్ళు క్యాబ్‌లు కొన్నారు. మా ఆయన గగన్‌పహాడ్‌లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని బండ్లకు వైరింగు చేసేవారు. మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తీసుకువెళితే, చేతిలో పని వదలక, ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో నాకు చెబుతూ అన్నం చల్లార్చేసేవారు. వినీ వినీ నాకూ కొంత అంటింది కానీ, అది పనికొచ్చే చదువని మాత్రం అనుకోలేదు.

ఒక ఏడాది హైవే మీద జరిగిన ప్రమాదంలో ఆయన కుడిచెయ్యి విరిగింది. ఎముక అతికింది గాని వేళ్ళలో పట్టు రాలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకోబోతే జారిపోయేది. నెలల తరబడి షెడ్డు మూసే ఉంది. చివరికి సామాను ఇంకొక మెకానిక్‌కు ఇచ్చేద్దామని నిశ్చయించుకుని, సంచుల్లో సర్దడానికి ఇద్దరం వెళ్ళిన రోజునే, పక్క ఊరి క్యాబ్ అన్న బండి తెచ్చి వాకిట్లో ఆపాడు. ఫాగ్ లైట్లు వేసిన పది నిమిషాలకే ఆరిపోతున్నాయట, స్విచ్చి చెయ్యి కాలేంత వేడెక్కుతున్నదట. వారం కిందట మంచులో, వెనక ప్రయాణికులు ఉండగానే, ఆగి ఉన్న లారీకి జానెడు దూరంలో బ్రేకు పడిందని చెప్పాడు. మర్నాడు తెల్లవారకముందే మళ్ళీ బయలుదేరాలి.

మా ఆయన బండి వంక చూడకుండానే జబ్బు చెప్పేశారు. ఎవరో రిలే పెట్టకుండా, దీపాలకు పోవలసిన కరెంటంతా ఆ చిన్న స్విచ్చి గుండా పంపారు, అది మాడిపోతోంది. రిలే పెడితే స్విచ్చి సైగ చేయడానికి మాత్రమే, బరువు రిలే మోస్తుంది. అంతా వివరించి, వేరే షాపుకు వెళ్ళమన్నారు. అప్పుడు నా నోట ఎలా వచ్చిందో తెలియదు.

“నువ్వు జెప్పు, నేను జేస్త.”

“గది నీ పని గాదు, ఇంట్లకు పో,” అని ఆయన కసిరారు. నలుగురూ చూస్తారన్న బాధ అది, నా మీద కోపం కాదు.

క్యాబ్ అన్న మాత్రం తాళంచెవి నా చేతిలో పెట్టి, “జర చెయ్యనియ్యి తమ్మీ. నీకు తెలివి ఉన్నది, చెల్లెకు చేతులున్నయ్. ఇంకేం గావాలె?” అన్నాడు.

చీర కొంగు దోపుకుని బండి ముందు పడుకున్నాను. ఆయన అటు తిరిగి కూర్చునే చెబుతున్నారు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే, రిలే నుంచి దీపాలు, స్విచ్చికి సన్న తీగ. అన్నీ బిగించి స్విచ్చి వేయగానే ఫ్యూజు ఠక్కున కాలిపోయింది. ఇంకొక ఫ్యూజే మిగిలింది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఎక్కడ తప్పు చేశానో ఎంత వెతికినా దొరకలేదు.

అప్పుడు ఆయన లేచి వచ్చారు. నా పక్కన నేల మీద ఒరిగి, ఎడమచేత్తో తీగ వెంబడి తడుముకుంటూ పోయి, బంపరు అంచున ఒకచోట ఆగారు. తీగ రేకు కింద నలిగి తొడుగు ఊడి, లోపలి రాగి రేకుకు తగులుతోంది. “నీ తప్పు గాదు, ఈడ నేను జెప్పాల్సి ఉండె,” అన్నారు. ఆయన తీగ పట్టుకుంటే నేను టేపు చుట్టాను, ఆయన పైకెత్తి ఉంచితే నేను క్లిప్పు బిగించాను. మిగిలిన ఫ్యూజు పెట్టి స్విచ్చి వేశాం. దీపాలు వెలిగాయి. అరగంట అలాగే ఉంచినా స్విచ్చి చల్లగానే ఉంది.

సర్దిన సంచులు ఆ సాయంత్రమే విప్పాం. మర్నాడు క్యాబ్ అన్న క్షేమంగా వచ్చి, వెంట మరో ఇద్దరు డ్రైవర్లను తెచ్చాడు. మొదట్లో నన్ను చూసి నవ్వినవాళ్ళూ లేకపోలేదు. ఏడాది తిరక్కుండా బండి ఆపి, “అక్క ఉన్నదా?” అని అడగడం మొదలుపెట్టారు. అలా అడిగిన ప్రతిసారీ ఆయన ముఖం వెలిగేది.

ఇప్పుడు మా షెడ్డులో ఐటీఐ చదివిన ఇద్దరు ఆడపిల్లలు పని చేస్తున్నారు. ఇంట్లకు పొమ్మని వాళ్ళను ఎవరూ అనరు. బండికి ల్యాప్‌టాప్ తగిలిస్తే తప్పెక్కడో తెర మీదే కనబడుతుంది. ఒక్కరే కూర్చుని క్షణంలో కనిపెట్టేస్తారు, చూస్తే ముచ్చటేస్తుంది. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, ఒకరి తప్పును ఇంకొకరు పక్కన ఒరిగి వెతకవలసిన అవసరం బండ్లకు లేకుండా పోయింది కదా అని. ఆ పిల్లలకు అలాంటి మనిషి మరెక్కడైనా దొరుకుతారనే నా ఆశ.