నేలవేము డబ్బాలో మాత్రలు

చేదత్త మొగుడికి బీపీ ఉందన్న సంగతి వీధికి తెలిసిన రోజునే చేదత్తకూ తెలిసింది. అంతవరకూ ఆ గుట్టు ఆయనకూ బస్సు డిపో డాక్టరమ్మకూ మాత్రమే ఎరుక.

ఆవిడకు ఆ పేరు ఊరికే రాలేదు. బస్టాపు పక్కన వేళ్లూ బెరళ్లూ ఎండుటాకులూ అమ్మే చిన్న కొట్టు ఆవిడది. గోడ నిండా రేకు డబ్బాలు, ముందు ఒక బల్ల, మూల కషాయం కాచే పొయ్యి. ఏ కషాయమైనా తాను ఒక గుక్క తాగి చేదుకి మొహం చిట్లించాకే ఎదుటివాళ్లకు పోస్తుంది. అత్తగారి దగ్గర నేర్చిన విద్య అది. అందులో సగం మందు ఇవ్వడమైతే మిగతా సగం ఇవ్వకపోవడం. "బీపీ ఉందా? కడుపుతో ఉన్నావా? ఇంకేం మాత్రలు వేసుకుంటున్నావ్?" అని వచ్చిన ప్రతివాళ్లనీ పోలీసులా నిలదీస్తుంది. జ్వరం తగ్గకుండా ఉందంటే పొట్లం కట్టదు, ఆసుపత్రికి తోలుతుంది.

"ఆకులే కదత్తా, ఏం చేస్తాయిలే" అన్నవాళ్ల మీద ఇంతెత్తున లేస్తుంది.

"ఏమీ చెయ్యనిదాన్ని కొనుక్కోడం దేనికి? మంచి చేసేదాన్ని తప్పుగా వాడితే చెడూ చేస్తుంది!"

ఇన్ని ఆరాలు తీసే మనిషి ఒక్కరిని మాత్రం ఎన్నడూ ఏమీ అడగలేదు. కట్టుకున్నవాణ్ణి బల్లకవతల నిలబెట్టి ఎవరడుగుతారు?

ఆయన సిటీబస్సు డ్రైవరు. దుమ్ముకీ పొగకీ గొంతు పట్టేస్తుంటే చేదత్త పొద్దున్నే అతిమధురం వేరు కాచి ఫ్లాస్కులో పోసి ఇచ్చేది. గొంతు భేషుగ్గా బాగుపడింది, అందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ కొట్టు మొత్తం మీద తియ్యగా ఉండే మందు అదొక్కటే. గొంతు బాగుపడ్డా ఆయన తాగడం మానలేదు, ఈవిడ పోయడం మానలేదు.

ఆరోజు కొట్టు కిటకిటలాడుతోంది. దర్జీ ఒకాయన వచ్చి నేలవేము అడిగాడు. ఆ చేదుకు జడిసి ఎవరూ అడగని మందు అది. చేదత్త అటక మీది డబ్బా దించి బల్ల మీద బోర్లిస్తే ఎండుటాకుతో పాటు మాత్రల షీట్లు జారిపడ్డాయి.

"అత్తా, ఇంగ్లీషు మందులు కూడా కలిపేస్తున్నావా ఏంటి?" అన్నాడు దర్జీ. కొట్టంతా గొల్లుమంది.

అప్పుడే డ్యూటీ దిగి లోపలికి వస్తున్న డ్రైవరు గడపలోనే ఆగిపోయాడు. చేదత్త ఆయన్ని చూసింది, మాత్రలు చూసింది. బీపీ ఉందని నలుగురూ బల్ల మీద పెట్టి చూపించే మాత్రలే అవి.

"మీకు బీపీ ఉందా?"

"ఉందే. మింగుతున్నా దిగి చావట్లేదు. డిపోలో చేసే తర్వాతి పరీక్షలో కూడా ఇలాగే ఉంటే ఇంక స్టీరింగు ముట్టుకోనివ్వరంట. షెడ్డులో కూర్చోబెడతారంట."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చేదత్త మొగుడే ఇంగ్లీషు మాత్రలు మింగుతున్నాడంటే నీ కొట్టుకెవరొస్తారే?"

ఆవిడ తిట్టబోయింది. అంతలో ఆయన భుజాన వేలాడుతున్న ఫ్లాస్కు కంటబడింది. అతిమధురం ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది, బీపీ ఉన్నవాళ్లకు చుక్క పొయ్యకు అని అత్తగారు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. సాయంత్రానికి కాళ్లు ఉబ్బి చెప్పులు బిగుస్తున్నాయని ఈయన గొణిగితే తను చేసిందేమిటి? ఇంకాస్త పెద్ద చెప్పులు కొని తెచ్చింది!

కొట్టు నిండా జనం. గుట్టుగా ఇంటికెళ్లి మానిపిస్తే పరువు దక్కేది. చేదత్త ఫ్లాస్కు లాక్కుని, వీధిలోకి వెళ్లి, అందరూ చూస్తుండగా కాలవలో ఒంపేసింది.

"అందర్నీ అడిగే దాన్ని, ఈయన్ని అడగలేదు. చేతులారా నేనే పోశాను" అంది. "కొట్టు కట్టేస్తున్నా, పదండి డాక్టరమ్మ దగ్గరికి."

డాక్టరమ్మ అంతా విని నెత్తి కొట్టుకుంది. "ఇంకేమైనా తాగుతున్నారా అంటే టీ అన్నాడమ్మా ఈయన! డోసు పెంచుదామనుకుంటున్నాను. మంచి పని చేశారు." రక్తపరీక్ష రాసింది, మాత్రలు ఆపొద్దంది, అతిమధురం వైపు చూడొద్దంది. ఆ ప్రభావం పోవడానికి కొన్ని వారాలు పడుతుందనీ చెప్పింది. డిపో పరీక్ష నాటికి పోతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

పరీక్ష రోజు మనసంతా డిపో దగ్గరే ఉండి చేదత్త కషాయం రుచి చూస్తే చేదు తెలియలేదు. కొట్టు మాత్రం నిండుగానే ఉంది. ఇప్పుడు దర్జీతో సహా అందరూ అడక్కుండానే జేబులోని మాత్రలు బల్ల మీద పెడుతున్నారు.

వీధి మలుపులో హారను మోగింది. ఆగకుండా, పెళ్లివారి కారులా మోగుతూ బస్సు వచ్చి కొట్టు ముందు ఆగింది. స్టీరింగు వెనక ఆయనే! చేదత్త గరిటె అక్కడే పడేసి పరుగెత్తింది.

"పాసయ్యానే! సీటు నాదే!" అని అరిచాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. "కొంచెం ఏదైనా కాచివ్వవే."

చేదత్త నవ్వుతూ, ఏడుస్తూ, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ముందు ఏం మాత్రలు వేసుకుంటున్నారో చూపించండి."

డ్రైవరు చొక్కా జేబులోంచి షీటు తీసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వీధి వీధంతా చూసేలా పైకెత్తి ఊపాడు.