ఫెర్రోసీన్‌కు ఐసు తెచ్చిన రోజు

నిన్న మధ్యాహ్నం రెండూ ఇరవైకి బల్లమీది ఫోను తనంతట తానే వెలిగి, కర్నూలులో నలభై రెండు డిగ్రీలు అని చూపించింది. ఈ ఊళ్ళో ఏప్రిల్ నెలలో అది వార్త కాదు, తలుపులు మూసుకుని పడుకోవలసిన వేళ అని మాత్రమే దానికర్థం. నాకు మాత్రం ఆ అంకె కనబడినప్పుడల్లా సైక్లోపెంటాడైఈన్ అనే ద్రవం గుర్తుకొస్తుంది, ఎందుకంటే అది మరిగేది దాదాపు ఆ వేడి దగ్గరే. ఈ మాట చెబితే అవునని తల ఊపే మనిషి ఇంట్లో ఒకరుండేవారు. మొన్న మాఘమాసంలో ఆమె పోయింది. అందుకని ఇక్కడ, మన రిటైరైనవాళ్ళ గుంపులో రాస్తున్నాను, మన ఈడువాళ్ళు రసాయనశాస్త్రం చదవనివాళ్ళైనా ఓపిగ్గా వింటారని.

ఆమె నాకు మేనమామ కూతురు, తర్వాత భార్య. మా మామకు బనగానపల్లె దగ్గర మామిడితోట ఉండేది. ఎమ్మెస్సీకి కూతుర్ని కర్నూలు పంపడానికి ఆయన ఒప్పుకున్నది నేను అదే తరగతిలో ఉన్నానన్న ఒక్క ధైర్యంతో. ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టాడు. మొదటిసారికే పాసైతే లెక్చరరు ఉద్యోగానికి పోవచ్చు, పెళ్ళి ఆమె చెప్పినప్పుడే. తప్పితే మాత్రం ఆ వైశాఖంలోనే పెళ్ళి, ఇక పుస్తకం ముట్టేది లేదు. పెళ్ళికొడుకు ఎవరన్నది మా చిన్నప్పుడే పెద్దలు తేల్చేసిన విషయం కాబట్టి, ఆమె తప్పితే లాభపడేవాణ్ణి నేనే. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

ఆఖరి ఏడాది ప్రయోగ పరీక్షలో, ఎవరు ఏ పదార్థం తయారుచేయాలో తేల్చే చీటీలు తీయాలి. అందరూ భయపడే చీటీ ఫెర్రోసీన్‌ది, అదే ఆమెకు వచ్చింది. ఫెర్రోసీన్ అంటే రెండు కర్బన వలయాల నడుమ ఒక ఇనుప పరమాణువు ఇరుక్కుని ఉండే పదార్థం. నారింజరంగు, కర్పూరంలాంటి వాసన. తయారయ్యాక గాలికీ ఎండకూ చెడదు, తయారయ్యేదాకానే దాని పెంకితనమంతా. ఆ వలయాలనిచ్చేది సైక్లోపెంటాడైఈన్. సీసాలో అది జంటలు జంటలుగా కలిసిపోయి ఉంటుంది. గట్టిగా వేడిచేస్తే జంటలు విడిపోయి ఆవిరిగా పైకి వస్తుంది. ఆ ఆవిరిని చల్లార్చి, పట్టుకుని, వెంటనే వాడుకోవాలి, ఊరికే వదిలేస్తే మళ్ళీ జతకడుతుంది. దీనికి పోలికలు చెప్పాలని కొందరికి అనిపించవచ్చు. నాకు అనిపించదు. అది దాని స్వభావం, అంతే.

పుస్తకం రాసినవాళ్ళు చలిదేశాలవాళ్ళు. కొళాయి నీళ్ళు పారించి ఆవిరిని చల్లార్చమని రాశారు. మా కాలేజీ మిద్దెమీది తొట్టిలో నీళ్ళు మధ్యాహ్నానికి స్నానానికి కూడా పనికిరానంతగా కాగేవి. ఆ నీళ్ళతో ఆవిరి చల్లారక, గాజుగొట్టం దాటి గదిలోకి పోయింది. ల్యాబంతా ఘాటు వాసనైంది గానీ కింద కుప్పెలో చుక్క పడలేదు. ఫ్రిజ్‌లో ఉన్న కాస్త ఐసూ అప్పటికే అయిపోయింది. బయటి ఊరినుంచి వచ్చిన పరీక్షాధికారి మంచివాడే, ఇంతవరకు చేసింది రాసిచ్చి వెళ్ళమన్నాడు, పదార్థం చూపకపోతే పాసు మార్కులు రావన్న సంగతి మాత్రం దాచలేదు. సీసాలో ఇంకొక్కసారికి సరిపడా ద్రవం మిగిలి ఉంది. నాకు సులువైన చీటీ వచ్చి అప్పటికే బయటపడి వరండాలో ఉన్నాను. ఆమె మా మాస్టారి అనుమతి అడిగి తలుపు దాకా వచ్చి, "ఐసు కావల్ల బావా, శానా కావల్ల" అని లోపలికి పోయింది.

సైకిలు మీద పాత బస్టాండు దాటి ఐసు ఫ్యాక్టరీకి పోయాను. అక్కడి ముసలాయన నా ముఖం చూసి, గొంతు తగ్గించి, "ఎవురప్పా పోయింది?" అన్నాడు. ఆ రోజుల్లో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక మనిషి ఒంటరిగా ఐసుగడ్డకు వచ్చాడంటే ఇంట్లో శవం ఉన్నట్టే లెక్క. ఎవరూ పోలేదు, పరీక్షకని చెప్పాను. "పరీక్షకు ఐసేంటికప్పా, తలకాయ మీద పెట్టుకునేదానికా?" అని నవ్వి, రంపపుపొట్టు కాస్త ఎక్కువే చల్లి, గోనెసంచిలో చుట్టి క్యారియరుకు కట్టాడు. మొన్న మాఘంలో ఐసు కొనే పని పడలేదు. గాజుమూత ఉన్న పెట్టె ఒకటి వ్యానులో వచ్చింది, దాని తీగను గోడలో గుచ్చారు, ఆమెను తీసుకుపోయేదాకా అది సన్నగా మోగుతూనే ఉంది.

తిరిగి వచ్చే దారంతా గోనెలోంచి నీళ్ళు కారుతూ వెనక చక్రం తడుస్తూనే ఉంది. ఎక్కడైనా నీడకు ఆగవచ్చు, ఆగితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆగలేదు. అందులో నా గొప్పేమీ లేదు, ఆమె కావాలంది, అంతే. సంచి అందుకుంటూ ఆమె అటూ ఇటూ చూసి, "రావేమో అనుకుంటి. నీకు పెండ్లి తొందర కదా" అంది. తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాను. "ఇంగ పో బావా, నిలబడితే ఇదీ కరుగుతాది" అని తనే తలుపు వేసింది.

మిగిలింది కిటికీలోంచి చూశాను. ఐసునీళ్ళను బకెట్లోంచి రబ్బరు గొట్టంతో పారించి, కింది కుప్పెను ఐసులో పాతిపెట్టింది. ఈసారి ద్రవం పడింది. ఆ ద్రవంలో కలపవలసిన పొటాషు అనే క్షారాన్ని నూరడానికి మా గాలే సాయం చేసింది. సముద్రం పక్క ఊళ్ళలో అది నూరుతుండగానే చెమ్మ పట్టి ముద్దవుతుందట, మా దగ్గర పొడిపొడిగా ఉంటుంది. సాయంత్రం, ఇనుప లవణం కూడా కలిపి, మిగిలిన ఐసు మీద అంతా పోయగానే నారింజరంగు పలుకులు తేలాయి.

నిర్మాణం చెప్పమన్నాడు పరీక్షాధికారి. పుస్తకంలో దాన్ని శాండ్‌విచ్ అన్నారు గానీ, మాలో శాండ్‌విచ్ తిన్నవాళ్ళెవరూ లేరు. "విసుర్రాయి మాదిరుంటాది సార్. కింద రాయి, పైన రాయి, నడుమ ఇనుప మేకు" అంది ఆమె. పై రాయి తిరుగుతుందా అని అడిగాడు. "తిరుగుతాది సార్, ఊరికే తిరుగుతాది."

"మరి పిండి ఏదమ్మా?" అన్నాడాయన.

ఆమె చిన్న గాజుపళ్ళెం మీది నారింజపొడిని ఆయన ముందుకు జరిపింది.

పాసైంది. పెళ్ళి ఆమె చెప్పినప్పుడే, ఉద్యోగంలో కుదురుకున్నాకే జరిగింది. కడపలో ఒక ఆడపిల్లల కాలేజీలో చేరి, రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ పిల్లలచేత ఫెర్రోసీన్ చేయించింది, అదీ ఎండాకాలంలోనే. చలికాలంలో సులువు కదా అంటే, సులువైతే ఎవరికి గుర్తుంటుందనేది.

పోయిన నెల ఆమె పుస్తకాలు ఆ కాలేజీకి ఇచ్చి రావడానికి కడప పోయాను. ల్యాబులో ఏసీ ఉంది, ఐసు చేసే యంత్రమూ ఉంది. ఇప్పుడు పాఠం చెప్పే అమ్మాయి నా భార్య దగ్గర చదువుకున్నదే. కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఫెర్రోసీన్ సంగతి నేను అడిగినదానికి, "ఇప్పుడు వీడియో చూపిస్తాండాం సార్, పిల్లలకు దాంట్లోనే బాగా కనపడతాది" అంది. తప్పుపట్టడానికేమీ లేదు. ఆ ద్రవం మండుతుంది, వాసన తలకెక్కుతుంది, పిల్లలకేమైనా అయితే జవాబు చెప్పుకోవలసింది ఆ అమ్మాయే. వీడియోలోనూ నారింజరంగు పలుకులు తేలుతాయి, ఎవరూ ఎక్కడికీ పరుగెత్తనక్కర్లేదు. వాదించే ఓపిక నాకూ లేదు. టీ తాగి వచ్చేశాను. ఆ కాలేజీలో ఇప్పుడు ఫెర్రోసీన్ తయారుచేయడం లేదు.